నత్తనడకన నేర్చుకున్న గంతుల పాట

ఆ రోజుల్లో మా బళ్ళారి చర్చి సంఘంలో భక్తిని కొలవడానికి పెద్ద వేదాంతమేమీ అక్కర్లేదు. పాట ఎంత నిదానంగా సాగితే అంత భక్తి. కాస్త వేగం పుంజుకుంటే అది సినిమా. ఈ సిద్ధాంతాన్ని మొదట ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, దాన్ని కాపాడే బాధ్యత మాత్రం మా పెద్దనాయన తన నెత్తిన వేసుకున్నాడు. ఆయన మా నాయనకు అన్న, సంఘ పెద్దల్లో ఒకడు, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. (బతుకంతా కరెంటుతో కాపురం చేసినవాడికి వేగమంటే ఎందుకు గిట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) ఆదివారం ఆరాధనలో మొదటి బెంచీలో కూర్చునేవాడు. కీర్తన కొంచెం పరుగందుకుందంటే చేతికర్రతో నేల మీద టక్కుమని ఒక్క దెబ్బ కొట్టేవాడు, అంతే, గాయక బృందమంతా బ్రేకు వేసిన ట్రాక్టర్‌లా ముందుకు ఊగి ఆగేది. చిన్నప్పుడు నేను పాట మధ్యలో ఒక కునుకు తీసి లేచి చూస్తే వాళ్ళింకా అదే పంక్తిలో ఉండేవాళ్ళు.

అలాంటి మనిషి చేతిలో చర్చి పియానో తాళంచెవి ఉండేది. ఆ పియానో ఎప్పుడో మిషన్ దొరసానులు వాడుకుని, వెళ్ళిపోతూ వదిలేసిన నల్లటి పెట్టె. మా ఊరి ఎండకు దాని చెక్క బీటలిచ్చింది. గనుల లారీలు లేపే ఎర్రదుమ్ము మెట్ల సందుల్లోకి దూరి, తెల్ల మెట్లన్నీ తాంబూలం నమిలేవాళ్ళ పళ్ళలా తయారయ్యాయి. వానాకాలం వస్తే మధ్యలో ఒక మెట్టు కిందికి పోయి పైకి రానని మొండికేసేది. దాన్ని గోటితో లేపుతూనే పాట ఆగకుండా వాయించడం మా సంఘంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా నేర్పని విద్య. దాని మీద దేవుని పాట తప్ప ఇంకేమీ వాయించకూడదని పెద్దనాయన నియమం. ఒకసారి ఎవరి పెళ్ళిలోనో ఓ కుర్రాడు ఏదో హుషారు పాట రెండు పంక్తులు వాయించాడని ఆర్నెల్లపాటు దానికి తాళం పడింది. ఆ ఆర్నెల్లూ మేము కాళ్ళ హార్మోనియంతోనే సరిపెట్టుకున్నాం.

ఆ కాళ్ళ హార్మోనియం వాయించేది నేనే. తొక్కుతూ ఉంటేనే దానికి ఊపిరి. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు, ఎడమకాలు, కుట్టుమిషన్ తొక్కినట్టు పాట అయ్యేదాకా తొక్కుతూనే ఉండాలి. ఏళ్ళ తరబడి అలా తొక్కీ తొక్కీ, పియానో ముందు కూర్చున్నా నా కాళ్ళు వాటి మానాన అవి నడిచేవి. పియానోకు తొక్కుడు అక్కర్లేదు. కింద ఉన్న మీట నొక్కితే స్వరాలన్నీ ఆగకుండా మోగుతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అంతే. నేను అలవాటు చొప్పున ఆ మీటను టపటపా తొక్కేస్తుంటే, సత్యనారాయణపేటలో నాకు పాఠం చెప్పే టీచరమ్మ తల పట్టుకునేది. "పాపా, నువ్వు పియానో వాయిస్తాండావా, సైకిలు తొక్కుతాండావా? యాడికి పోవాలని?" అనేది. చివరికి ఒక శనివారం నా కుడికాలిని తన చున్నీతో కుర్చీ కాలికి కట్టేసి పాఠం చెప్పింది. (కట్టేసిన కాలు పాఠం అయ్యేదాకా చున్నీతో సహా ఊగుతూనే ఉంది.)

ఈ టీచరమ్మకు పిల్లలం పెట్టుకున్న పేరు టిక్కుటిక్కు టీచరమ్మ. ఆమె పియానో మీద తాళం చెప్పే చిన్న యంత్రం ఒకటి ఉండేది, మెట్రోనోమ్ అంటారు. లోలకం అటూ ఇటూ ఊగుతూ టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. ఆమె ఊళ్ళో ఒక ఇంగ్లీషు బడిలో సంగీతం చెప్పేది. ఇంకో ఏడాదిలో మానేయబోతోంది. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. నాయన అప్పటికే బ్యాంకు పరీక్షల కోచింగ్ మాట్లాడి పెట్టాడు. లెక్కలంటే నాకున్న ప్రేమ ఎంతటిదంటే, చిల్లర లెక్కపెట్టాల్సి వస్తుందని నేను బస్సులో ఎప్పుడూ సరిపోయినంతే ఇచ్చేదాన్ని. అప్పుడే టీచరమ్మ ఒక మాట అంది. "లండన్‌వోళ్ళు పెట్టే పియానో పరీక్షల్లో ఆఖరి గ్రేడు పాసైతివంటే, ఆ బడిలో నా కుర్చీలో నిన్ను కూర్చోబెట్టి నేను పోతా. హెడ్‌మిస్సుకి చెప్పేసినా. ఫెయిలైతే మీ నాయన చెప్పినట్ల బ్యాంకు." నా బతుకు మొత్తం పాసు, ఫెయిలు అన్న ఆ రెండు మాటల మధ్య నిలబడింది.

ఆ పరీక్షకు నాకు దక్కిన సంగీతం ముక్క ఒక తరాంతెల్లా. ఆ మాట వినడం అదే మొదలు. టీచరమ్మ వివరించింది. "ఇది ఇటలీ దేశంలో పల్లెటూరోళ్ళ ఆట. సాలెపురుగు కరిచినోళ్ళు ఇసం దిగేదాకా ఎగురుతాండ్రంట. ఆ ఎగురుడికి తగినట్ల ఉంటాది పాట."

"మనూర్లో తేలు కుట్టినోళ్ళు కూడా అట్ల ఎగరరే టీచరమ్మా."

"మనూర్లో తేలు కుట్టినోళ్ళకి వాయించేదానికి పియానో యాడుండాది? నోర్మూసుకోని విను" అని ఆమె వాయించడం మొదలుపెట్టింది.

ఇక్కడ నవ్వు పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. టీచరమ్మకు అప్పటికి అరవై దాటాయి. వేళ్ళ కీళ్ళు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉండేవి. టీ గ్లాసు పట్టుకోవాలన్నా రెండు చేతులూ కావాలి. ఆ చేతులే ఆ రోజు మెట్ల మీద పడగానే ఏమయ్యాయో నాకు తెలియదు. కుడిచెయ్యి మూడేసి స్వరాల గుంపులుగా పరుగు పెట్టింది, ఎడమచెయ్యి కింది నుంచి పైకి, పై నుంచి కిందికి దూకింది, మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. గాజుబీరువాలో కప్పులు గలగలమన్నాయి. నా మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భయం లాంటిదే గానీ భయం కాదు. దేవుడి దగ్గర కలగాల్సిందని చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చారే, ఆ వణుకు నాకు మొదటిసారి నిజంగా కలిగింది ఒక సాలెపురుగు పాట దగ్గర. ఆఖరి స్వరం కొట్టి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, "వేడినీళ్ళు తెచ్చీవమ్మా, చేతులు ముంచాల" అంది. నేను లేవలేకపోయాను. కాలు కట్టేసి లేదు, అయినా లేవలేకపోయాను.

"పదిహేను దినాల్లో నేర్చుకుంటా టీచరమ్మా" అన్నాను, ఆ ఊపులో.

"నేర్చుకుంటావు, నీ మొహం. ఇది నేర్చుకునే దారి ఒక్కటే. నిదానం. ఇంగా నిదానం. నీకే విసుగొచ్చేంత నిదానం. ఒక చెయ్యి, మళ్ళ ఇంగో చెయ్యి, మళ్ళ రెండూ. నేను చెప్పేదాకా వేగం పెంచితివంటే వేళ్ళు ఇరగ్గొడతా" అని మెట్రోనోమ్ లోలకం గుండును పైదాకా జరిపింది. అది టిక్కు అని, మళ్ళీ టిక్కు అనే లోపల బజారుకెళ్ళి ఉల్లిగడ్డలు తెచ్చుకోవచ్చు.

ఆమె ఇంట్లో పాఠం వారానికి ఒక్కసారి. రోజూ సాధన చేయడానికి నాకు దిక్కు చర్చి పియానోయే. సాయంత్రం పూట పెద్దనాయన సైకిలు మీద వచ్చి పియానో మూత తాళం తీసి, నేను అయిందనగానే మళ్ళీ తాళం వేసుకుని వెళ్ళేవాడు. ఆ ఏడాదే మా పెద్దమ్మ, అంటే ఆయన భార్య, చనిపోయింది. ఇంటికెళ్ళినా గోడలు చూడ్డం తప్ప ఆయనకు పనిలేదు. మొదట్లో నేను వాయిస్తుంటే బయట వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. తర్వాత లోపలికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఒకరోజు చూస్తే మధ్య బెంచీలో. ఇంకోరోజు మొదటి బెంచీలో, తన ఆదివారం చోటులో. ఇక కర్ర దెబ్బ పడుతుందనుకున్నాను. కానీ చేతికర్ర మాత్రం ఎప్పుడూ నేలను తాకలేదు.

నేను వాయిస్తున్నది ఆ గంతుల పాటే. కానీ నత్త కూడా సిగ్గుపడేంత నిదానంగా. అలా వాయిస్తున్నప్పుడు ఆ పాట ఏమవుతుందో నాకూ అప్పుడే తెలిసింది. పరుగులో గంతులా వినిపించినది నిదానంలో నిట్టూర్పులా ఉంది. ఎడమచేతి కింది స్వరాలు వాటి మానాన అవి మెట్లు దిగుతూ పోతాయి, ఎవరో బరువైన మనిషి చీకటి గదిలోకి జాగ్రత్తగా దిగుతున్నట్టు. కుడిచేతి బొటనవేలి కింద ఒక చిన్న పాట విడిగా దాక్కుని ఉంది. వేగంలో అది ఎవరికీ వినిపించదు, వాయించేవాళ్ళకు కూడా. ఎక్కడో ఇటలీలో కూర్చున్న మనిషి, ఎవరికీ వినబడని చోట ఇంత అందాన్ని ఎందుకు పెట్టాడో! ఒక్కో సాయంత్రం ఒక్క పంక్తి దగ్గరే కూర్చుండిపోయేదాన్ని. కిటికీలో ఎండ ఎర్రబడి, దుమ్ము తేలుతూ ఉండేది. విసుగొస్తుందన్నది టీచరమ్మ. నాకు విసుగు రాలేదు, ఒళ్ళు మరిచిపోయాను.

ఒకరోజు మూత వేయబోతుంటే పెద్దనాయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఏ కీర్తనమ్మా అది? మన పుస్తకంలో లేదే?"

"కీర్తన కాదు పెద్దనాయనా, పరీక్షకు వాయించే ముక్క."

"పరీక్షకైతే ఏంది? రాసినోడు దేవునికి భయపడినోడు. వింటే తెలీదా నాకు? ఎంత నిదానం, ఎంత నిదానం! ఈ కాలం పిల్లోళ్ళకి ఇట్లాంటివి నేర్పిస్తాండారంటే మీ టీచరమ్మకి వందనాలు చెప్పాల."

నేను నోరు తెరిచాను. పంచె మడతలో తాళంచెవి మెరిసింది. దాని వెనకే నాయన మాట్లాడి పెట్టిన కోచింగ్ సెంటరు, దాని వెనక కూడికలూ తీసివేతలూ వరసగా నిలబడి కనిపించాయి. నోటిదాకా వచ్చిన సాలెపురుగును గుటుక్కున మింగేశాను.

ఇక దానికి సంఘంలో పేరు వచ్చింది. సాయంత్రాలు చర్చి ఊడ్వడానికొచ్చే ఆంటీలు అది గొణుక్కుంటూ ఊడ్చేవాళ్ళు. "ఆ ఏడుపు పాట శానా బాగుండాది పాపా, మాటలుంటే మేము కూడా నేర్చుకుందుము" అన్నారు. ఇటలీ పల్లెటూరివాళ్ళు తమ పాటకు బళ్ళారిలో చీపురు తాళం పడుతుందని కలలో కూడా అనుకుని ఉండరు.

ఈలోగా సత్యనారాయణపేటలో టీచరమ్మ లోలకం గుండును కొంచెం కొంచెంగా కిందికి జరపడం మొదలుపెట్టింది. ఒక్కో శనివారం ఒక్కో గీత. వేగం పెంచినట్టే తెలిసేది కాదు. చర్చిలో మాత్రం పెద్దనాయన ముందు నిదానంగానే వాయించి, వేగాన్ని ఇంట్లో బల్ల మీద ఉత్త వేళ్ళతో సాధన చేసుకునేదాన్ని. నెలలు గడిచాక ఒక శనివారం మాత్రం వింత జరిగింది. మొదలుపెట్టాను. రెండో పుటకు వచ్చేసరికి నేను వాయించడం లేదు. చేతులు వాయిస్తున్నాయి. ఏ వేలు ఎక్కడ పడాలో అనుకునే లోపల అది పడి, లేచి, ముందుకు వెళ్ళిపోయి ఉంది. నేను పక్కన కూర్చుని వేరే ఎవరి చేతులనో చూస్తున్నట్టు వాటిని చూస్తున్నాను. ఇవి హార్మోనియం వాయించిన చేతులేనా, చపాతీలు గుండ్రంగా రావని అమ్మతో తిట్లు తిన్న చేతులేనా అనిపించింది. అయిపోయాక గదిలో టిక్కుటిక్కు ఒక్కటే మిగిలింది. టీచరమ్మ లేచి ఆ యంత్రాన్ని ఆపేసింది. ఆ ఇంట్లో అది ఆగడం నేను చూసింది అదే మొదలు.

ఆ మర్నాడే ఆరాధన అయ్యాక పెద్దనాయన నన్ను పక్కకు పిలిచాడు. "వచ్చే శనివారానికి మీ పెద్దమ్మ పోయి ఏడాది, గుడిలో ఏడాది కూడిక పెట్టినా. పాటలు వొద్దు, ప్రసంగం కూడా వొద్దని పాస్టరు అయ్యగారికి చెప్పినా. ప్రార్థన చేసి, ఆ నీ పాట వాయించు. అంతే సాకు, ఇంగేం వొద్దు. అది వింటాంటే ఆయమ్మ పక్కన కూర్చున్నట్ల ఉంటాది నాకు."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. చేతికర్రతో సంఘాన్ని వణికించిన మనిషి. కాదనడం నావల్ల కాలేదు. పరిగెత్తుకుంటూ టీచరమ్మ దగ్గరికి పోయి విషయమంతా కక్కేశాను. ఆమె ముందు నవ్వింది, కళ్ళజోడు కిందపడేదాకా నవ్వింది. "ఏడాది కూడికకు తరాంతెల్లా! అయ్యో నా తల్లీ, ఇది బయటికి తెలిస్తే ఇటలీవోళ్ళు కూడా కూడికకి వస్తారు!" తర్వాత నవ్వు ఆపి నావైపు చూసింది. "కానీ చూడు పాపా, ఇప్పుడు వేళ్ళకి వేగం పట్టింది. మళ్ళ నిదానానికి దింపితే తికమకపడతాయి. కూడికైన వారానికే పరీక్ష. ఆలోచించుకో. ఆయప్పకి వేరే పాటేదన్నా వాయించు."

ఆలోచించుకోవడానికేముంది? ఒకవైపు నా ఉద్యోగం, ఒకవైపు పెద్దనాయన. వేరే పాట వాయిస్తే ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు కనిపిస్తూనే ఉంది. నిదానంగానే వాయించాలని నిశ్చయించుకున్నాను. వేళ్ళు తికమకపడితే పడనీ, బ్యాంకుకు పోతే పోతాను, అనుకున్నాను. (అనుకున్నాను గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు.)

కూడిక రోజు కురుగోడు నుంచి, హచ్చొళ్ళి నుంచి బంధువులంతా దిగారు. చర్చి ముందు ట్రాక్టర్లూ బైకులూ నిండిపోయాయి. వేదిక దగ్గర చిన్న బల్ల మీద పెద్దమ్మ ఫోటో, పక్కన పూలగుత్తి. అయ్యగారు ప్రార్థన చేసి కూర్చున్నాడు. పెద్దనాయన మొదటి బెంచీలో కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నేను మొదలుపెట్టాను. మొదటి పుట బాగానే నడిచింది. ఎంత నిదానంగా అంటే వెనక బెంచీలో ముక్కు చీదుకునే చప్పుళ్ళు కూడా వినిపించాయి. నాకు చెమటలు కారుతున్నాయి. రెండో పుట మొదట్లో ఎడమచెయ్యి కొంచెం తొందరపడింది. సర్దుకున్నాను. కుడిచెయ్యి దాన్ని అందుకోబోయింది. మళ్ళీ సర్దుకోబోయాను. ఇక అంతే. ఇంటిదారి పట్టిన ఎద్దుల్ని పగ్గం పట్టి ఆపినట్టే అయింది నా పని. చేతులు రెండూ ఒక్కసారిగా పరుగు లంకించుకున్నాయి.

ఆపాలి కదా అంటారు మీరు. అక్కడే వచ్చింది చిక్కు. ఏడాదంతా టీచరమ్మ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మాట ఒకటుంది: పరీక్షలో ఏమైనా కానీ, తప్పు పడనీ, కరెంటు పోనీ, ఆగొద్దు. ఆగడం ఎలాగో నేను నేర్చుకోనే లేదు. ఆ మూడేసి స్వరాలు చర్చి గోడల మధ్య గిరగిరా తిరుగుతున్నాయి. కిటికీ అద్దాలు మోగాయి. వెనక ఎవరిదో చంటిపిల్ల కేరింతలు కొట్టింది. నా కుడికాలు, పాపిష్టి కాలు, హార్మోనియం తొక్కుతోంది. నాకు ఏడుపొస్తోంది, అదే సమయంలో, నిజం చెబుతున్నాను, నా బతుకులో అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు. బొటనవేలి కింద దాక్కున్న ఆ చిన్న పాట కూడా, ఎవరికీ వినిపించదనుకున్నది, అంత వేగంలో నాకు స్పష్టంగా వినిపించింది. ఆఖరి రెండు దెబ్బలు కొట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాను.

అయ్యగారు నోరు తెరుచుకుని ఉన్నాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దనాయన లేచాడు. కర్ర టక్కు టక్కుమంటూ నావైపు వస్తోంది. ఒక్కో టక్కుకూ నా ఉద్యోగం ఒక్కో అడుగు వెనక్కి పోతోంది. దగ్గరికొచ్చి పియానో మూత మీద చెయ్యి వేశాడు. వేళ్ళు తీసేసుకున్నాను, మూసేస్తాడని. ఆయన మూయలేదు. ఆ మూతను పట్టుకుని నిలబడ్డాడు, పడిపోకుండా.

"ఇదే కదమ్మా ఆ పాట?" అన్నాడు.

"ఇదే పెద్దనాయనా. అసలు ఇట్లనే వాయించాల. నేను నేర్చుకునేదానికి నిదానంగా వాయిస్తాంటి. ఇది కీర్తన కాదు, ఆట."

ఆయన సంఘం వైపు తిరిగి కాదు, నాతో కూడా కాదు, ఆ ఫోటోతో అన్నట్టు అన్నాడు. "ఆయమ్మ నడక ఇట్లే ఉండె. సంతకి పోతే నేను ఈడుంటే ఆయమ్మ ఆడ. వెనక్కి తిరిగి 'బేగ రా, బేగ రా' అని అరుస్తాండె. గుడిలో పాట పాడినా అంతే, అందరికంటే ముందర పంక్తి ముగిచ్చేసి కూర్చుంటాండె. నాకు తలవంపులని మోచేత్తో పొడుస్తాంటి, నిదానం, నిదానమని. నలభై ఏండ్లు పొడిచినా." ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు. "ఏడాదిగా నేను నీ పాటలో ఏడుస్తాండా. ఆయమ్మ దాంట్లో లేనే లేదు. ఈపొద్దు వచ్చింది. వచ్చి బిరబిరా పోయింది." కళ్ళు తుడుచుకుని మళ్ళీ బెంచీలోకి వెళ్ళి కూర్చుని, అక్కడి నుంచే అన్నాడు. "ఇంగోసారి వాయించమ్మా. ఆగొద్దు."

వాయించాను. ఆ రెండోసారి ఎలా వాయించానో నాకు గుర్తులేదు. ఒక్కటే గుర్తుంది: మా సంఘంలో మొదటిసారి ఆ చేతికర్ర నేల మీద తాళం వేసింది, పాటను ఆపడానికి కాదు.

పరీక్షకు బెంగళూరుకు నాతోపాటు పెద్దనాయనే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రైల్లో దారి పొడుగునా పక్కవాళ్ళకు "మా పాప పియానో పరీక్షకి పోతాండాది, లండన్ దొర వస్తాండాడు" అని చెప్పుకుంటూ వచ్చాడు. అక్కడి పియానో చూసి నేను బిత్తరపోయాను. ఎర్రదుమ్ము లేదు, బీటలు లేవు, నొక్కిన ప్రతి మెట్టూ బుద్ధిగా పైకి వస్తోంది. నాకే భయమేసింది, దేన్నైనా పాడుచేస్తానేమోనని. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, తప్పు లేకుండా, ఆచితూచి వాయించాను. దొర నవ్వి ఏదో రాసుకున్నాడు. తలుపు తీసుకుని బయటికొస్తే పెద్దనాయన గోడకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగలేదా? స్వల్ప నిదానమైపోయినావే!"

పాసయ్యాను. టీచరమ్మ కుర్చీలో ఇప్పటికీ నేనే కూర్చుని ఉన్నాను. పెద్దనాయన పోయి చాలా ఏళ్ళయింది, టీచరమ్మ కూడా లేదు. పిల్లలకు నేను రోజంతా చెప్పేది ఒక్కటే మాట, నిదానం, ఇంకా నిదానం. వాళ్ళు నావైపు చూసే చూపులో జాలి ఉంటుంది. మొన్న బడి వదిలాక ఎవరూ లేని గదిలో ఆ గంతుల పాట మొత్తం వేగంతో వాయించి చూద్దామని కూర్చున్నాను. రెండో పుట దాకా లాగాను. నాలుగో వేలు రానంది. కీళ్ళు వేడినీళ్ళు అడిగాయి. ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల, ఏడుస్తూ, చెమటలు కక్కుతూ, ఆగడం చేతగాక అంత ధైర్యంగా వాయించేసిన ఆ పిల్ల, ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఆ చేతుల్ని! నాకు నిజంగా ఆశ్చర్యం. అది ఎప్పుడో మలుపు దాటి ముందుకు వెళ్ళిపోయింది. తిరిగి చూసి 'బేగ రా' అంటున్నట్టే ఉంటుంది. వస్తాండా తల్లీ, వస్తాండా అనుకుని, నవ్వుకుంటూ, నా చేతులకు చేతనైనంత నిదానంగా రెండో పుట మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.